అక్వేరియంలో అమ్మోనియా టెస్టు: పూటకో అంకె చూపిస్తే ఏమనుకోవాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మాది పాలకొల్లు వైపు. ఇంటి గుమ్మం దాటితే చెరువులే. రొయ్యల రైతు నోట అమ్మోనియా మాట రోజుకు పదిసార్లు వినపడే ఊళ్ళు ఇవి. అయినా హాల్లో అద్దాల పెట్టె పెట్టుకుని నాలుగు గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్ళకి టెస్టు కిట్టు చేతికొచ్చేసరికి తికమక మొదలవుతుంది. "నిన్న సున్నా అండి, ఇవాళ ఒకటి అండి, ల్యాబ్‌లో ఇంకోటి చెప్పారండి, ఏది నమ్మమంటారు?" కింద ఉన్నవన్నీ అలా నన్ను అడిగినవే. ఒకటి రెండు మాత్రం నన్ను నేను అడుక్కున్నవి. అనుభవం మీద నాకు అర్థమైంది ఏమిటంటే, కొట్టుకుంటున్నట్టు కనపడే రెండు రీడింగులూ చాలాసార్లు నిజమే. రెండూ వేర్వేరు సంగతులు చెబుతుంటాయి, అంతే.

పొద్దున్న సున్నా చూపించింది, రాత్రి 0.5. ఒకే రోజులో అంత తేడా ఏంటండి?

ముందు మేత ఎప్పుడు వేశారో చూడండి. చేప తిన్నది అరిగి, మొప్పల్లోంచి అమ్మోనియాగా బయటికి వచ్చేది తిన్న కొద్ది గంటల్లోనే. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేత 1 గ్రాము తింటే సుమారు 30 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ నీళ్ళలో కలుస్తుంది. 100 లీటర్ల ట్యాంకులో అది 0.3 పీపీఎం (పీపీఎం అంటే లీటరుకు మిల్లీగ్రాము, కిట్టు చూపించే అంకె ఈ లెక్కలోదే). మీరొక గ్రాము వేసి ఆఫీసుకెళ్ళారు, బడి నుంచి వచ్చిన పెద్దాడు ఒకసారి, చిన్నది ఒకసారి వేశారు అనుకోండి, లెక్క 0.9 దగ్గరికి పోతుంది.

ఫిల్టరు బాగా కుదురుకున్న ట్యాంకులో బాక్టీరియా దాన్ని ఎప్పటికప్పుడు తినేస్తుంది, అందుకే ఏ పూట చూసినా సున్నానే ఉంటుంది. ట్యాంకు పెట్టి నెల కూడా కాలేదన్నా, ఫిల్టరు స్పాంజి నిన్ననే కుళాయి కింద పెట్టి కడిగేశారన్నా, రాత్రికి పెరిగి తెల్లారేసరికి తగ్గడం మామూలే. అప్పుడు రెండు రీడింగులూ సరైనవే. ఫిల్టరు ఇంకా మేతతో సమానంగా పరిగెత్తలేకపోతోందని అర్థం. రోజూ ఒకే వేళకి టెస్టు చేయండి. నేను రాత్రి మేత వేయబోయే ముందు చేస్తాను.

కిట్టు చూపించే ఆ అంకె దేనిదసలు?

తికమకలో సగం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

నీళ్ళలో అమ్మోనియా రెండు వేషాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియా గ్యాసు, చేప మొప్పల్ని కాల్చేది ఇదే. రెండోది అమ్మోనియం, దీనివల్ల చేపకు హాని చాలా తక్కువ. ఈ రెండూ నిలకడగా ఉండవు. పీహెచ్ (నీళ్ళు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె) పెరిగితే అమ్మోనియం గ్యాసుగా మారుతుంది, తగ్గితే గ్యాసు మళ్ళీ అమ్మోనియం అవుతుంది. నీళ్ళు వేడెక్కినా గ్యాసు వాటా పెరుగుతుంది. ఇళ్ళల్లో మనం వాడే చుక్కల కిట్లు దాదాపు అన్నీ రెండింటినీ కలిపి మొత్తంగా చూపిస్తాయి. అందులో విషం ఎంతో కిట్టు చెప్పదు.

మన దగ్గర ట్యాంకు నీళ్ళు సాధారణంగా 28 డిగ్రీల దగ్గర ఉంటాయి కదా, ఆ వేడికి లెక్క ఇదీ: పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో గ్యాసు 0.7 శాతమే. 7.5 దగ్గర 2.2 శాతం. 8 దగ్గర 6.5 శాతం. 8.5కి వచ్చేసరికి 18 శాతం. అంటే మీ కిట్టూ, మీ పక్కింటాయన కిట్టూ రెండూ 1 పీపీఎం చూపిస్తున్నా, మీ పీహెచ్ 7, ఆయనది 8.5 అయితే ఆయన చేపలు పాతిక రెట్లు ఎక్కువ విషంలో ఈదుతున్నట్టు. గ్యాసు 0.05 పీపీఎం దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. 0.02 లోపు ఉంచుకోవడం మంచిది.

చెరువు గట్టు మీద మధ్యాహ్నం పూట పీహెచ్ ఎగబాకితే రైతు కంగారుపడేది కూడా ఇందుకే. కిటికీ పక్కన ఎండ తగిలే ట్యాంకులో, మొక్కలూ పాచీ ఎక్కువున్న ట్యాంకులో సాయంత్రానికి పీహెచ్ పైకి పోతుంది. మొత్తం అంకె మారకపోయినా విషం వాటా మారిపోతుంది. అందుకే పీహెచ్ రాయకుండా అమ్మోనియా అంకె ఒక్కటే పంపించి "ప్రమాదమా?" అని అడిగితే నేను జవాబు చెప్పలేను.

అంటించి వదిలేసే బిళ్ళ "సేఫ్" అంటుంది, చుక్కల కిట్టు 1 అంటుంది. ఏది తప్పు?

రెండూ సరే. ట్యాంకు లోపల అంటించే ఆ బిళ్ళలు గ్యాసును మాత్రమే పసిగడతాయి. చుక్కల కిట్టు మొత్తం చూపిస్తుంది. మీ పీహెచ్ 7 దగ్గర ఉంటే ఆ రెండు మాటలకీ వైరం లేదు.

ఒకే నీళ్ళు, ఒకే కిట్టు, వెంటవెంటనే రెండుసార్లు చేస్తే రెండు రంగులు వచ్చాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

చెయ్యి దగ్గర. నేను చేసేది చెబుతాను, మీది పోల్చుకోండి.

ట్యూబును ముందు కుళాయి నీళ్ళతో, తర్వాత టెస్టు చేయబోయే ట్యాంకు నీళ్ళతోనే మూడుసార్లు కడుగుతాను. నీళ్ళు గీత దాకా సిరంజితో పోస్తాను. గీత దగ్గర నీటి అంచు వంపుగా ఉంటుంది, ఆ వంపు అడుగు గీతకు తగలాలి, కళ్ళు గీతకు సమానంగా వంచి చూడాలి. చుక్కల సీసాను నిట్టనిలువుగా తలకిందులు చేసి పట్టుకుంటాను. ఏటవాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారిపోతుంది, ఎనిమిది చుక్కలన్నది ఆరున్నరో తొమ్మిదో అయిపోతుంది. ఏపీఐ కంపెనీ కిట్టులో అయితే 5 మిల్లీలీటర్ల నీళ్ళకి మొదటి సీసా 8 చుక్కలు, రెండో సీసా 8 చుక్కలు, బాగా ఊపి, 5 నిమిషాలు ఆగి చూడాలి. వేరే కిట్టుకి వేరే లెక్క ఉంటుంది, అలవాటు మీద పోకుండా కాగితం చదవండి.

మూత పెట్టే ఊపాలి. చాలామంది బొటనవేలు ట్యూబు మీద పెట్టి ఊపేస్తారు. మన చెమటలో అమ్మోనియా ఉంటుంది. మే నెలలో మన ఊళ్ళలో వేలికి చెమట లేనిదెప్పుడు? ఆ ఒక్క వేలితోనే 0.25 పుట్టించొచ్చు. అద్దాలు తుడిచే స్ప్రేల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది, అప్పుడే టేబుల్ తుడిచి అక్కడే టెస్టు పెట్టకండి. ట్యూబును అంట్ల సబ్బుతో కడగకండి. ఇంటి వెనక పశువుల పాక ఉంటే టెస్టు ఇంటి ముందు వైపు చేసుకోండి, ఇదేమీ హాస్యానికి అన్నది కాదు.

ఇక సమయం. అయిదు నిమిషాలన్నది అయిదు నిమిషాలే. ట్యూబు అక్కడ పెట్టి టీ తాగి, ఫోను మాట్లాడి ఇరవై నిమిషాలకు వచ్చి చూస్తే రంగు ముదిరి ఉంటుంది. ఫోనులో అలారం పెట్టుకోవడమే దారి.

0.25 అన్నది ఎప్పటికీ పోవడం లేదు. పసుపో ఆకుపచ్చో తేలని రంగు. ఏం చేయను?

రాత్రి పూట హాల్లో పసుపు లైటు కింద చూస్తున్నారా? ఆ వెలుగులో సున్నా కూడా కాస్త ముదురుగా కనపడుతుంది. పగటి వెలుగులో, ఎండ నేరుగా పడని చోట, ట్యూబును కిట్టుతో వచ్చే రంగుల కార్డు తెల్ల భాగానికి ఆనించి చూడండి. కార్డు మీద ప్లాస్టిక్ పొర మెరుస్తుంటే వంచి పట్టుకోండి. ఇంట్లో ఇంకొకరిని పిలిచి, ముందు మీ అంకె చెప్పకుండా వాళ్ళనీ అడగండి. మా ఆవిడకి ఎప్పుడూ నాకంటే ఒక మెట్టు తక్కువ కనపడుతుంది, నాకు పసుపూ ఆకుపచ్చా మధ్య కన్ను కాస్త మందమని అలా తెలిసింది.

అప్పటికీ తేలకపోతే, ట్యాంకు పెట్టి నాలుగైదు నెలలై, చేపలు చక్కగా తింటూ, నైట్రైట్ (బాక్టీరియా అమ్మోనియాను మార్చినప్పుడు వచ్చేది, ఇదీ విషమే) సున్నా ఉంటే, ఆ 0.25ని నేనైతే సున్నాగానే లెక్కేస్తాను. కార్డు మీద మొదటి మెట్టుకీ రెండో మెట్టుకీ మధ్య ఉన్న అనుమానం కిట్టు తీర్చగలిగింది కాదు.

కిట్టు పనిచేస్తోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

తేల్చుకోవచ్చు, రెండు పరీక్షలతో.

మొదటిది, అమ్మోనియా లేని నీళ్ళతో. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా మెకానిక్ షాపులో దొరుకుతుంది. ఆ నీళ్ళతో టెస్టు చేస్తే నిమ్మపండు పసుపు రావాలి. దానిలోనూ 0.25 వస్తే తప్పు మీ కిట్టుదో, చెయ్యిదో, లైటుదో అని తేలిపోయింది. ఆ ట్యూబును పక్కన పెట్టుకుని ట్యాంకు ట్యూబును దానితో పోల్చండి. కార్డుతో పోల్చడం కంటే ఇది నయం.

రెండోది, అమ్మోనియా ఉన్న నీళ్ళతో. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారం గుర్తుందా? అది అమ్మోనియం క్లోరైడే. నగల త్రాసు మీద 0.38 గ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే 100 పీపీఎం నైట్రోజన్ లెక్క. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి మరో సీసాలో పోసి, లీటరుకు నింపితే 1 పీపీఎం. బజారు సరుకు శుద్ధమైనది కాదు కాబట్టి 1 అనగానే 1 రాదు. అయినా కిట్టు స్పష్టంగా పచ్చబడాలి. పసుపుగానే ఉండిపోతే సీసాలు చచ్చిపోయాయి, పారేయండి. ఈ నీళ్ళు ట్యాంకు దరిదాపుల్లో పెట్టొద్దు.

సీసా మీద గడువు తేదీ చూడటం చెప్పక్కర్లేదు. గడువు ఉన్నా, ఫ్రిజ్ పైనో కిటికీ గూట్లోనో రెండు వేసవులు ఎండిన కిట్టును నేను నమ్మను.

ఆక్వా ల్యాబ్‌లో 1.3 అన్నారు, నా కిట్టు 1 అంది. ల్యాబ్ వాళ్ళదే కరెక్టు కదా?

మన అదృష్టం, భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబుకు నడిచి వెళ్ళొచ్చు. కానీ మూడు సంగతులు చూడాలి.

ఒకటి, కొలత పేరు. కొందరు అమ్మోనియాలోని నైట్రోజన్‌ని మాత్రమే లెక్కగడతారు, కొందరు అమ్మోనియాగా, కొందరు అమ్మోనియంగా రాస్తారు. నైట్రోజన్ 1 అయితే అదే నీళ్ళు అమ్మోనియాగా 1.2, అమ్మోనియంగా 1.3 అవుతాయి. మీ ప్రశ్నలో ఉన్న తేడా అచ్చంగా ఇదే కావచ్చు. కిలోలో తూచినా వీశెల్లో తూచినా చేప అదే.

రెండు, నీళ్ళు పట్టుకెళ్ళిన తీరు. కూల్‌డ్రింక్ సీసాలో అడుగున పాచి కదిలించి పట్టి, బండి డిక్కీలో ఎండలో మధ్యాహ్నం దాకా తిప్పి ఇస్తే, సీసాలో ఉన్న మలం, మేత కుళ్ళి అంకె పెరుగుతుంది. బాక్టీరియా ఎక్కువుంటే తగ్గనూ వచ్చు. శుభ్రమైన సీసా, మూతి దాకా నీళ్ళు, గాలి లేకుండా మూత, పక్కన ఐసు, రెండు మూడు గంటల్లో ల్యాబ్.

మూడు, టెస్టు పద్ధతి. ఇంటి కిట్లలో ఎక్కువ సాలిసిలేట్ పద్ధతివి, పసుపు నుంచి ఆకుపచ్చకు మారతాయి. నెస్లర్ అనే పాత పద్ధతిలో రంగు లేని నీళ్ళు పసుపుగా, తర్వాత ఇటుక రంగుకు తిరుగుతాయి. నెస్లర్ మందులో పాదరసం ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటే అసలు వద్దు. బోరు నీళ్ళలో ఇనుము, కాఠిన్యం ఎక్కువుంటే నెస్లర్ ట్యూబు మసకబారి తప్పుడు అంకె ఇస్తుంది. కొన్ని రకాల యాంటీ క్లోరిన్ మందులు వేసిన నీళ్ళలోనూ అంతే. మీ ల్యాబ్ ఏ పద్ధతి వాడుతుందో ఒక్క మాట అడగండి, ఏమీ అనుకోరు.

ఇంకోటి, ఉప్పునీటి చెరువు అంకెలతో మీ మంచినీటి ట్యాంకును పోల్చుకోకండి. ల్యాబ్ కుర్రాడు "ఇది పర్లేదండి" అన్నాడంటే ఆయన మనసులో ఉన్నది వనామీ రొయ్య, మీ ఏంజెల్ చేప కాదు.

నీళ్ళు మార్చి, యాంటీ క్లోరిన్ వేశాక అమ్మోనియా పెరిగింది! అలా జరుగుతుందా?

జరుగుతుంది. కుళాయి నీళ్ళకు మూలమైన కాలువ నీళ్ళలో ముందే కాస్త అమ్మోనియా ఉంటే, బ్లీచింగ్‌లోని క్లోరిన్ దానితో కలిసి క్లోరమైన్ అవుతుంది. మీరు యాంటీ క్లోరిన్‌గా వేసే హైపో స్ఫటికాలు ఆ క్లోరిన్‌ని విరగ్గొట్టి, అమ్మోనియాను వదిలేస్తాయి. అది మీ ట్యూబులో కనపడుతుంది.

అందుకే ఒక పని చేయండి. బక్కెట్లో కుళాయి నీళ్ళు పట్టి, యాంటీ క్లోరిన్ వేసి, అరగంట బబ్లర్ (గాలి బుడగల పంపు) పెట్టి, ఆ బక్కెట్టునే టెస్టు చేయండి. 0.5 వచ్చిందంటే మీ ట్యాంకు తప్పేమీ లేదు, నీళ్ళు మార్చిన ప్రతిసారీ మీరే తెచ్చి పోస్తున్నారు. కుదురుకున్న ఫిల్టరు ఒక్క రోజులో దాన్ని మింగేస్తుంది. ఒక్కసారి సగం ట్యాంకు మార్చకుండా, పావు వంతు చొప్పున మార్చండి.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు రీడింగులు ఎందుకు మారిపోతాయి?

ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపి కాలువలు కట్టేశాక, ఊళ్ళకు కుళాయిల్లో వచ్చేది చెరువుల్లో నిల్వ చేసిన నీరు. నిల్వ ముదిరే కొద్దీ ఆ నీళ్ళలో పాచి పెరుగుతుంది, అడుగున కుళ్ళు చేరుతుంది, అటువైపు బ్లీచింగూ పెంచుతారు. ఏప్రిల్‌లో ఒకలా ఉన్న కుళాయి నీళ్ళు మే చివర్లో ఇంకోలా ఉంటాయి. వరదల్లో గోదారి ఎర్రబడ్డప్పుడు పటిక ఎక్కువ వేస్తారు. పటిక నీళ్ళలోని ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని) తినేస్తుంది, దాని సంగతి ఇంకో ప్రశ్నలో వస్తుంది. నెలకొకసారి ట్యాంకుతో పాటు కుళాయినీ టెస్టు చేసే అలవాటు చేసుకోండి.

బోరు నీళ్ళయితే పట్టిన వెంటనే పీహెచ్ చూసి నమ్మకండి. భూమిలోంచి వచ్చే నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, పట్టగానే 7 చూపించినవి ఒక రాత్రి బబ్లర్ పెట్టేసరికి 8 కావచ్చు. అదే అమ్మోనియా, మర్నాటికి పది రెట్లు విషం.

జియోలైట్ వేశాను, సున్నాకు వచ్చింది. నాలుగు రోజులకు ఒక్కసారిగా 2కు ఎగిరింది. జియోలైట్ నకిలీదా?

ఇది నా కథే. మా బావకు చెరువులున్నాయి, అమ్మోనియాను పట్టే జియోలైట్ ఖనిజం బస్తాలు ఆయన షెడ్డులో ఎప్పుడూ ఉంటాయి. గుళికల రకం ఒక గుప్పెడు తెచ్చి, పాత మేజోడులో మూటగట్టి, నా 100 లీటర్ల గోల్డ్‌ఫిష్ ట్యాంకులో ఫిల్టరు ముందు వేలాడదీశాను. రెండో రోజుకే సున్నా. గర్వంగా బావకి ఫోటో కూడా పంపించాను. ఆ వారంలోనే ఒక చేప తోక మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు వచ్చాయి. అందరిలాగే కల్లుప్పు 300 గ్రాములు కరిగించి పోశాను. తెల్లారి చూస్తే చేపలన్నీ పైన, మొప్పలు ఎర్రగా, ట్యూబు ముదురు ఆకుపచ్చ.

కిట్టు మీద అనుమానపడి రెండోసారి చేశాను, మూడోసారి చేశాను. మూడుసార్లూ అదే రంగు. అప్పుడు బావ ఫోనులో అన్నాడు: "ఒరేయ్, జియోలైట్‌ని కడిగి మళ్ళీ వాడుకోడానికి దేంట్లో నానబెడతారో తెలుసా? ఉప్పు నీళ్ళలో." జియోలైట్ అమ్మోనియంను పట్టి ఉంచుతుంది. చుట్టూ ఉప్పులోని సోడియం పెరిగితే దాన్ని పట్టుకుని, పట్టిన అమ్మోనియంను వదిలేస్తుంది. నాలుగు రోజుల అమ్మోనియా నేనే ఒక్క రాత్రిలో ట్యాంకులోకి దింపాను. ఒక చేప పోయింది.

జియోలైట్ ఉండగా ఉప్పు వేయకండి. ఉప్పు వేయాల్సి వస్తే ముందు మూట బయటికి తీయండి. కొత్త ట్యాంకులో జియోలైట్ ఎప్పుడూ ఉంచేయడం కూడా నాకు నచ్చదు, బాక్టీరియాకు తిండి లేకుండా చేసి ఫిల్టరు కుదురుకోనివ్వదు.

సగం నీళ్ళు మార్చినా అంకె తగ్గలేదు. ఇదెలా సాధ్యం?

కార్డు మీద ఆఖరి గడి ఎంత? 8 అనుకోండి. మీ నీళ్ళలో నిజంగా 16 ఉంటే ట్యూబు అంతకంటే ముదరలేదు, ఆఖరి గడిలాగే కనపడుతుంది. సగం మారిస్తే 8, అదీ ఆఖరి గడే. ఇలాంటప్పుడు ట్యాంకు నీళ్ళు ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు కలిపి టెస్టు చేసి, వచ్చిన దాన్ని అయిదుతో హెచ్చించండి.

అలా కాకుండా అంకె మధ్యలో ఉండి తగ్గలేదంటే, ఎక్కడో కుళ్ళుతోంది. రాళ్ళ సందులో చచ్చిన నత్త, ఫిల్టరు వెనక ఇరుక్కుపోయిన గప్పీ, బొమ్మ కింద పేరుకున్న మేత. చెయ్యి పెట్టి వెతకండి, వాసనే చెబుతుంది.

రీడింగు 4, చేపలు హాయిగా తిరుగుతున్నాయి. వదిలేయొచ్చా?

వదలకండి, కానీ కంగారుగా నీళ్ళు మార్చేయకండి కూడా. ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళనీ ముందు పీహెచ్ చూడమంటాను. ఎక్కువసార్లు 6.5 లోపే వస్తుంది.

జరిగేదేంటంటే, ఫిల్టరులోని బాక్టీరియా 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని మార్చడానికి 7 మిల్లీగ్రాములకు పైగా ఆల్కలినిటీని ఖర్చుపెడుతుంది. నెలల తరబడి నీళ్ళు మార్చకుండా, ఆవిరైనంత మేరకు ఆర్వో క్యాన్ నీళ్ళు పోసుకుంటూ పోతే ఆల్కలినిటీ అడుగంటుతుంది. పీహెచ్ జారిపోతుంది. పీహెచ్ 6 దగ్గరికి వచ్చేసరికి బాక్టీరియా దాదాపు చేతులెత్తేస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువ కాబట్టి అంతా అమ్మోనియంగానే ఉంటుంది, చేపలు బతికేస్తాయి.

ఇప్పుడు మీరు భయపడి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ళు సగం పోశారనుకోండి. అమ్మోనియా సగానికి తగ్గినా, మిగిలిన దానిలో విషం వాటా పదుల రెట్లు పెరుగుతుంది. "నీళ్ళు మార్చాకే చచ్చిపోయాయండి" అనే మాట వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. మేత ఆపేసి, రోజుకు పదో వంతు చొప్పున మారుస్తూ, పీహెచ్‌ని మెల్లగా పైకి రానివ్వండి.

కిట్టు సున్నా అంటోంది, చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

అమ్మోనియా కాదు, ఇంకోటి వెతకండి. తెల్లవారుజామునే అలా ఉంటే ఆక్సిజన్. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే ఆక్సిజన్, 30 డిగ్రీల్లో 7.5కు పడిపోతుంది. బబ్లర్ పెంచి పది నిమిషాలు చూడండి. రోజంతా అలాగే ఉంటే నైట్రైట్ టెస్టు చేయండి. కొత్త ట్యాంకులో అమ్మోనియా తగ్గే వేళకే నైట్రైట్ పెరుగుతుంది.

కరెంటు ఆరు గంటలు పోయింది. మర్నాడు రీడింగు వచ్చింది. మామూలేనా?

మామూలే. మూతపెట్టిన క్యానిస్టర్ ఫిల్టర్లలో నీళ్ళు ఆగితే కొన్ని గంటల్లోనే లోపలి ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్ళు నీళ్ళు ట్యాంకులోకి తోసేస్తుంది. కరెంటు వచ్చాక ఫిల్టరు తెరిచి, ట్యాంకు నీళ్ళతోనే కడిగి పెట్టండి. తుపాను కబురు రాగానే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, ఒక స్పాంజి ఫిల్టరు సిద్ధంగా ఉంచుకోవడం మన జిల్లాల వాళ్ళకి తప్పదు. మిథిలిన్ బ్లూ లాంటి మందులు వేసిన తర్వాత కూడా ఇలాగే అంకె పెరుగుతుంది, కారణం అదే, బాక్టీరియాకు దెబ్బ.

ఫైటర్ చేప ట్యాంకులో ఎండు బాదం ఆకులు వేశాను. నీళ్ళే టీ రంగు. టెస్టు ఎలా?

కిట్టు చుక్కలు వేయని అదే నీళ్ళు ఇంకో ట్యూబులో పోసి పక్కన పెట్టుకోండి. కార్డు మీది రంగు గడికి ముందు ఆ ట్యూబు పెట్టి, దానిలోంచి గడిని చూడండి. అప్పుడు రెండువైపులా ఒకే టీ రంగు ఉంటుంది, తేడా అమ్మోనియాది మాత్రమే కనపడుతుంది.

స్ట్రిప్పులు చాలవా?

అమ్మోనియాకు నేను వాడను. గాలిలో తేమ ఇంత ఉన్న చోట డబ్బా నాలుగుసార్లు తెరిస్తే స్ట్రిప్పుల పని అయిపోతుంది.

సరే, ఏ అంకెకి ఏం చేయమంటారు?

ముందు టెస్టు ఇంకోసారి చేయమంటాను. రెండుసార్లూ అదే వస్తే పీహెచ్ చూసి పైన చెప్పిన శాతాలతో గ్యాసు లెక్క కట్టండి. ఉదాహరణకు మొత్తం 1, పీహెచ్ 8 అంటే గ్యాసు 0.065. ఆ రోజే మేత ఆపి, క్లోరిన్ తీసిన నీళ్ళతో మూడో వంతు మార్చాలి. అదే 1, పీహెచ్ 7 అంటే 0.007. మేత సగం చేసి, రేపు మళ్ళీ చూస్తే చాలు. పీహెచ్ తగ్గించే మందులు మాత్రం పోయకండి. అవి పీహెచ్‌ని దించి ఆగవు, మర్నాడు మళ్ళీ ఎగురుతుంది, ఆ ఊగులాటకే చేప చస్తుంది.

చేప మొప్పలు ఎర్రబడి, రెక్కలు ముడుచుకుని అడుగున పడుంటే మాత్రం ట్యూబు రంగు తిరిగేదాకా కూడా ఆగకండి. పీహెచ్ ఒక్కటి చూసుకుని నీళ్ళు మార్చండి, టెస్టు తర్వాత.

ఎన్నాళ్ళకోసారి టెస్టు చేయాలి?

కొత్త ట్యాంకుకు మొదటి ఆరు వారాలు రోజు విడిచి రోజు. కుదురుకున్నాక నెలకు రెండుసార్లు, ఇంకా కొత్త చేపలు తెచ్చినప్పుడు, మందు వేసినప్పుడు, కరెంటు ఎక్కువసేపు పోయినప్పుడు. తేదీ, వేళ, ఉష్ణోగ్రత, పీహెచ్, అమ్మోనియా, చివర్లో ఆ రోజు జరిగిందేదైనా ఒక ముక్క, ఇవి ఒక పుస్తకంలో రాయండి. ఆ చివరి గడే ఎక్కువ పనికొస్తుంది. నా పుస్తకంలో ఈ పేజీ మొత్తం సున్నాలే, ఒక్క చోట 1 ఉంది. దాని ఎదురుగా మా ఆవిడ చేతిరాతతో ఇలా ఉంది: "మామయ్యగారు వచ్చారు. మూడు పూటలా ఆయనే మేత."